తోకల మాస్టారు

అమీర్‌పేటలో కింద జిరాక్సు షాపు, పైన మెన్స్ హాస్టల్ ఉన్న ఏ మేడలోనైనా నడిమి అంతస్తులో ఈయన ఉంటారు. మోచేతుల దాకా మడిచిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, జేబులో మూడు రంగుల మార్కర్లు, చంకలో ఆయనే కూర్చిన స్పైరల్ పుస్తకం: ‘500 ఫ్రేజల్ వెర్బులు, తెలుగు అర్థాలతో’. కావాలంటే కింది షాపులో దొరుకుతుంది. కావాలనే అంటారు.

స్పోకెన్ ఇంగ్లీషు బ్యాచిలో మొదటి నెలంతా మామూలు మనిషే. రెండో నెల ఫ్రేజల్ వెర్బులు మొదలవగానే పూనకం వస్తుంది. “వెర్బు గుర్రం అనుకోండమ్మా. అప్, ఆఫ్, అవుట్ దాని తోకలు. తోక మారిందా, గుర్రం గాడిదైపోతుంది!”

1755లోనే డాక్టర్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో పరాయివాళ్లకు అన్నిటికన్నా కష్టం ఇవేనని రాశాడని ధైర్యం చెబుతారు. నిజమే. ‘ఫ్రేజల్ వెర్బు’ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకొచ్చింది. అంటే 170 ఏళ్లు పేరన్నా లేకుండా ఏడిపించాయన్నమాట.

“అప్ అంటే పైకి. స్టాండప్, గెటప్, సరే. మరి గివప్‌లో ఏం లేస్తుంది పైకి?” క్లాసంతా బిక్కమొహాలు. మాస్టారు రెండు చేతులూ ఫ్యాను దాకా ఎత్తి, “చేతులెత్తేయడం!” అంటారు. నన్నడిగితే కట్టిన ఫీజు అక్కడికక్కడే చెల్లు.

‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు, ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి. ఎందుకూ? “ఇట్ చంటిపిల్లాడు, అమ్మానాన్నల మధ్యే పడుకోవాలి. ‘ది మీటింగ్’ ఎదిగిన కొడుకు, మధ్యనైనా సరే, పక్కనైనా సరే.” మరి ‘లుక్ ఆఫ్టర్ ఇట్’లో పిల్లాణ్ణి బయటికి తోసేశారేం సార్, దానర్థమే కనిపెట్టుకుని ఉండటం కదా అని ఎవరో అన్నారు. మాస్టారు గ్లాసెడు నీళ్లు తాగారు. “ఇడియమాటిక్. రాసుకోండి.”

ఆయనకు చిక్కొచ్చినప్పుడల్లా మేం రాసుకుంటాం. లైటు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయింది. పాలు ‘వెంట్ ఆఫ్’ అంటే విరిగిపోయాయి. అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మాత్రం మోగింది. రాసుకున్నాం.

ఒకరోజు బరంపురం నుంచి వచ్చిన ఒడియా కుర్రాడు లేచాడు. హాస్టల్లో తెలుగు నేర్చుకుంటున్నాడు. “సార్, కొట్టడం అంటే దెబ్బ వేయడం కదా. మా రూమ్మేటు బోరు కొడుతోందన్నాడు. బయట ఎండ కొడుతోందట. బస్సులో ఎవడో పర్సు కొట్టేశాడు. జడ్జిగారు కేసు కొట్టేశారు. వానకి రోడ్డు కొట్టుకుపోయింది. ఏ తోకకి ఏ అర్థం సార్?”

మాస్టారు మార్కరు మూత తీశారు. బోర్డు మీద ‘కొట్టు’ అని రాశారు. కింద ఒక గీత గీశారు. మూత పెట్టారు. “అవి వింటూ ఉంటే వచ్చేస్తాయి బాబూ. రూలేముంటుంది, మన భాషేగా!”

కుర్రాడు పెన్ను పట్టుకుని ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇంతలో టేబుల్ మీద మాస్టారి ఫోన్లో బ్యాచి అయిపోయిందని గంట మోగింది.

“సార్, అలారం వెంట్ ఆఫ్,” అంది వెనక బెంచీ.

“విన్నాలే. ముందు ఆఫ్ చెయ్యండి,” అన్నారాయన.