విమానాల మంత్రివర్యులకు నర్సీపట్నం అర్జీ

మ.రా.రా.శ్రీ కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రివర్యుల సముఖానికి, నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రెండు పెద్ద పెట్టెలతో నిలబడిన అర్జీదారు మనవి చేసుకొనునది ఏమనగా:

అర్జీదారుకు పేరు అక్కర్లేదు. ఎం.ఎస్. చదవడానికి డాలస్ బయల్దేరిన కుర్రాడు కావచ్చు, అబుదాబీలో ఏసీ మెకానిక్‌గా చేరబోయేవాడు కావచ్చు, కూతురి పురుటికి న్యూజెర్సీ వెళ్తున్న తల్లి కావచ్చు. వీసాలు వేరు, సంచుల్లో సరుకు వేరు, కళ్లనీళ్లకు కారణాలూ వేరు. దారి మాత్రం చాలా దూరం ఒక్కటే. విమానాశ్రయం గేటు దగ్గర జవాను టికెట్టూ పాస్‌పోర్టూ చూసి లోపలికి పంపినప్పుడు విదేశీ ప్రయాణం మొదలైందని తమ శాఖ లెక్క. అర్జీదారుకు అప్పటికే ఒక పగలు గడిచిపోయి ఉంటుంది, ఓపికలో సగం ఖర్చయి ఉంటుంది. ఆ గడిచిన పగలు ఏ శాఖ ఖాతాలోనూ పడటం లేదన్నదే ఇక్కడి ఫిర్యాదు.

తమరు ఈ ప్రాంతం వారే కావడం అర్జీదారుకు కొండంత ధైర్యం. 2014 నుంచి 2018 దాకా ఇదే కుర్చీలో విజయనగరం అశోక్ గజపతిరాజు గారు కూర్చున్నారు. 2024 జూన్‌లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు, అనగా తమరు, బాధ్యతలు తీసుకున్నారు. పదేళ్ల వ్యవధిలో విమానాల మంత్రి పదవి రెండుసార్లు ఉత్తరాంధ్రకు వచ్చింది. విమానాలే ఇంకా అన్నిసార్లు రావడం లేదు.

ముందు నేల మీది సంగతి. నర్సీపట్నానికి రైల్వే స్టేషను లేదని ఎవరూ అనలేరు. నర్సీపట్నం రోడ్ అని హౌరా–చెన్నై మార్గంలో, ఎలమంచిలికీ తునికీ మధ్య నిక్షేపంలా ఉంది. ఊరికి పాతిక కిలోమీటర్లు పైబడిన దూరం, అంతే. రైలు పట్టాలు సముద్రం పక్కగా పోయాయి, ఊరు కొండల పక్కన ఉండిపోయింది. ఇరవై మూడేసి కిలోల పెట్టెలున్నవాళ్లు అందుకే విశాఖకు రైలు ఊసెత్తరు. విశాఖ సుమారు 80 కిలోమీటర్లు. తాళ్లపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి, అనకాపల్లి దాటి, గాజువాక ట్రాఫిక్‌లో ఇరుక్కుని వెళ్లాలి. ఒక్కరు వెళ్తుంటే సాగనంపడానికి ఎనిమిది మంది బయల్దేరతారు కనుక పెద్ద కారు మాట్లాడుకోక తప్పదు. ఆ కారు కిరాయి ఏ విమాన టికెట్ ధరలోనూ కనబడదు.

చింతపల్లి, సీలేరు కొండల్లోంచి గంజాయి దిగే దారి కూడా ఇదే. కాబట్టి పెట్టె మొదటిసారి తెరవమనేది కస్టమ్స్ అధికారి కాకపోవచ్చు, దారిలో కానిస్టేబులే కావచ్చు.

“ఏటుందమ్మా ఇందులో?”

“ఆవకాయ, కరివేపాకు పొడి, సున్నుండలు బాబూ.”

“ఎక్కడికెల్తన్నారు?”

“అమెరికా.”

అంత దూరం వెళ్లే సున్నుండల్ని ఏ కానిస్టేబులూ అనుమానించడు. ఆ మర్యాద తర్వాతి మజిలీల్లో దొరకదు. కొబ్బరి చెట్టు పెరట్లో ఉన్న మనిషికి ఎండు కొబ్బరి ప్రమాదకర వస్తువని ఎవరు చెప్పారు? ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల పట్టికలో దానికి 1363 అనే నంబరుంది. నూనె ఎక్కువున్న కొబ్బరి గాలి తగిలి లోలోపల వేడెక్కుతుంది, నిప్పు తగలకుండానే అంటుకోగలదు. అందుకే దాన్ని విమానం పొట్టలో వేయనివ్వరు. కారణం సబబే, అర్జీదారు దానితో వాదించడు. గసగసాల సంగతి మరీ గడ్డు. కోడికూరలోకి దంచే గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికొస్తాయి, సింగపూర్‌లోనూ నిషేధమే. పావుకిలో పొట్లంతో దుబాయ్‌లో దిగినవాడు మసాలా గురించి పోలీసులకు వివరించుకోవాలి, అదీ అరబ్బీలో. మాంసం పచ్చళ్లు అమెరికాలో దిగిన చోటే చెత్తబుట్టలో పడతాయి. దాచిపెట్టి దొరికితే జరిమానా అదనం. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు మీద రాయించి, విమానాశ్రయంలో కాదు, నర్సీపట్నం బస్టాండులో పెట్టించాలని మనవి. విమానాశ్రయంలో చదివి లాభం లేదు. అప్పటికి పెట్టె ప్లాస్టిక్ చుట్టించుకుని ఉంటుంది.

ఈ జిల్లా వాళ్లకు పరదేశ ప్రయాణం కొత్త కాదన్న సంగతి కూడా దస్త్రంలో చేర్చాలి. వందేళ్ల కిందట ఇక్కడి జనం రంగం పోయేవాళ్లు. రంగూన్‌ను ఇక్కడ అలాగే అనేవారు. విశాఖ ఓడరేవుకు తొలి ఓడ జలదుర్గ వచ్చింది 1933 అక్టోబరు 7న. అంతకు ముందు ఓడ దూరంగా లంగరేసుకుని ఉండేది. మసులా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ వెళ్లి దాన్ని అందుకోవాలి. అంటే ఓడ ప్రయాణానికి కూడా ఒక కనెక్టింగ్ సర్వీసు ఉండేది. అదే ఎక్కువ భయపెట్టేది. కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందుగా అప్పిచ్చి ఓడ ఎక్కించేవాడు. ఆ అప్పు రంగూన్ రేవులోనో బియ్యపు మిల్లులోనో కూలిచేసి తీర్చాలి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బరువులు మోసిన వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడగానే ఓడలు అందరికీ చాలలేదు. టికెట్లు డబ్బున్నవాళ్లకూ తెల్లవాళ్లకూ దొరికాయి. మిగిలిన లక్షల మంది టౌంగుప్ కనుమ మీదుగా చిట్టగాంగ్ వైపుకో, తమూ మీదుగా ఇంఫాల్‌కో నడిచారు. వేల మంది దారిలోనే కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయారు. 1964లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు మరో దఫా తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేట ఆ రాకడ వల్ల పుట్టిందే.

ఆ కష్టం ముందు విమానం ఆలస్యాలు కష్టాలే కావని తమ శాఖలో ఎవరైనా అనవచ్చు. అనకముందు ఒక సంగతి చూడాలి. ఆనాడు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల నుంచే నేరుగా రంగూన్ వెళ్లేవి. అప్పట్లో జనం ఎక్కువగా ఎటు పోతున్నారో అటే ఓడ ఉండేది.

ఇప్పుడు జనం పోయేది గల్ఫ్‌కూ అమెరికాకూ. విశాఖ విమానాశ్రయం నుంచి ఏళ్ల తరబడి నిలకడగా ఉన్న విదేశీ సర్వీసు మాత్రం తూర్పుకు, సింగపూర్‌కు. మొదట సిల్క్ ఎయిర్ నడిపింది, తర్వాత స్కూట్ అందుకుంది. 2024 ఏప్రిల్‌లో కౌలాలంపూర్, బ్యాంకాక్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. అన్నీ తూర్పుకే పోవడం కాకతాళీయం కాదు. విదేశీ సంస్థ ఏ ఊళ్లో దిగాలో, వారానికెన్ని సీట్లు అమ్ముకోవాలో దేశాల మధ్య ఒప్పందాలు తేలుస్తాయి. ఆగ్నేయాసియా సంస్థలకు 18 భారతీయ నగరాల్లో సీట్ల పరిమితి లేకుండా దిగేందుకు ఢిల్లీ అనుమతించింది. ఆ 18లో విశాఖ ఉంది. గల్ఫ్ దేశాల పెద్ద సంస్థలకు ఆ వెసులుబాటు లేదు. వాటికి తెలుగునాట హైదరాబాదే దిక్కు. మన సంస్థలు ఎక్కడి నుంచైనా ఎగరవచ్చు కనుక 2025 జూన్‌లో ఇండిగో విశాఖ నుంచి అబుదాబీకి విమానం వేసింది. పైగా విశాఖ రన్‌వే నౌకాదళానిది. అక్కడి నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా శిక్షణ వేళలకు పౌర విమానాలు ఒదిగి ఉండాలి.

సొంత సంస్థలను కాపాడుకోవడానికే ఈ కట్టడి అని ఢిల్లీ వాదన. అర్జీదారుకు అది అర్థం కాకపోలేదు. కాపాడుకున్న సంస్థ చేసిందేమిటో కూడా తెలుసు. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసి, కొన్నాళ్లకే ఆపేసింది. వచ్చే సంస్థను రానివ్వరు, రానిచ్చిన సంస్థ రాదు. మధ్యలో నర్సీపట్నం మనిషి శంషాబాద్‌లో నేల మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుకుంటున్నాడు.

శంషాబాద్ చేరడం ఎలాగన్నది తర్వాతి చిక్కు. తునిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణం. 1974 నుంచి నడుస్తున్న బండి, నమ్మకస్తురాలు, కాకపోతే పెట్టెల మీద ఒక కన్నేసి పడుకోవాలి. విశాఖ నుంచి విమానమైతే గంటా పావు. ఈ చిన్న విమానం టికెట్టూ, పెద్ద విమానం టికెట్టూ విడివిడిగా కొంటే చౌక. అలా కొన్నవాళ్లకు 2025 డిసెంబరు మొదటి వారం గుర్తుండే ఉంటుంది. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు సరిపడా ఏర్పాట్లు చేసుకోక ఇండిగో చతికిలబడి, డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. దేశంలో తిరిగేవాళ్లకు అది ఒక రోజు పాడు. హైదరాబాద్‌లో అంతర్జాతీయ విమానం అందుకోవలసినవాడికి లక్ష రూపాయల టికెట్టే గల్లంతు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో పరిహారం ఉంది. గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి 7,500 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపి ఎంతైతే అంత, రెండింట్లో ఏది తక్కువైతే అది. ఆ “ఏది తక్కువైతే అది” రాసిన చేతికి దండం పెట్టాలి. తప్పిపోయిన రెండో విమానం లెక్కలోకి రావాలంటే అది అదే టికెట్ మీద ఉండాలి. రెండు ముక్కలుగా కొన్నవాడి దురదృష్టం రెండు సంస్థల మధ్య ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇక ఆకాశం. దోహా నుంచి గానీ దుబాయ్ నుంచి గానీ డాలస్‌కు సుమారు 16 గంటలు. విశాఖ నుంచి సింగపూర్ మీదుగా న్యూయార్క్ వెళ్దామనుకుంటే, రెండో అంచె 18 గంటలు దాటుతుంది, మధ్యలో ఆగని సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. అమెరికా తూర్పున ఉందో పడమరన ఉందో తేల్చుకోకుండానే మనిషి దిగుతాడు. గంటల సంగతి ఎలాగో సర్దుకుంటారు. మజిలీ ఊళ్ల జాతకాలే చెప్పలేం. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కుండపోత కురిసి రన్‌వేలు చెరువులయ్యాయి. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు వస్తున్నాయని ఖతార్ గగనతలం మూసేసింది. అంతకు ముందు ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూయడంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు చుట్టు తిరిగి, కొన్ని వియన్నాలో ఇంధనం పోయించుకుని వెళ్లాయి. పక్కనున్న గొలుగొండలో పొలం తాకట్టు పెట్టి టికెట్ కొన్న ఇంట్లో ఇప్పుడు టెహ్రాన్ వార్తలు కూడా చూస్తున్నారు.

ఇందులో అందరికంటే ఎక్కువ నలిగేది పురుటికి వెళ్లే తల్లి. ఆమెకు ఇంగ్లీషు రాదు. కొడుకు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసిస్తాడు: నేను ఈ విమానం ఎక్కాలి, దయచేసి ఫలానా గేటు చూపించండి. ఆ కాగితాన్ని పాస్‌పోర్టులో పెట్టుకుని, మోకాళ్లు సలక్షణంగా ఉన్నా వీల్‌చైర్ అడుగుతుంది. విమాన సంస్థలు దీన్ని దుర్వినియోగం అంటున్నాయి. నిజానికి ఆమె అడుగుతున్నది కుర్చీ కాదు, తోడు. వీల్‌చైర్ తోసే మనిషి గేటు దాకా వదిలిపెడతాడు, ఇమ్మిగ్రేషన్ దగ్గర పక్కనుంటాడు. భాష రానివాళ్లకు తోడు కోరే గడి ఒకటి టికెట్ బుకింగ్‌లో పెట్టిస్తే సగం వీల్‌చైర్లు నిజంగా నడవలేనివాళ్లకు మిగులుతాయి. ఇది ఖర్చులేని పని కూడా, ఆ మనుషుల్ని సంస్థలు ఎలాగూ పెట్టుకుంటున్నాయి.

చివరగా భోగాపురంలోని కొత్త విమానాశ్రయం. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మే 3న మరో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. రెండు పునాదిరాళ్ల భవనం గట్టిగానే ఉంటుంది. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టడం నర్సీపట్నానికి గర్వకారణం. ఆయన 1922 ఆగస్టులో పోలీసు స్టేషన్లు ముట్టడించిన చింతపల్లి, కృష్ణదేవిపేట ఈ పక్కవే. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది, ఊరికి 30 కిలోమీటర్ల లోపు. ఆయన పేరున్న విమానాశ్రయం మాత్రం విశాఖ దాటి అవతల ఇంకో 45, 50 కిలోమీటర్లు వెళ్లాలి. అంటే గాజువాక ఒక్కటే కాదు, మద్దిలపాలెం, మధురవాడ ట్రాఫిక్ కూడా దాటాలి. అక్కడికి గల్ఫ్ విమానాలు దిగే అనుమతులు సంపాదించడం తమ చేతిలో పని. నర్సీపట్నం డిపో నుంచి పెట్టెలు పెట్టుకునే చోటున్న బస్సు ఒకటి, అర్ధరాత్రి విమానాలకు సరిపడే వేళకు, భోగాపురం దాకా నేరుగా వేయించడం రాష్ట్రం పని. అయినా తమరు ఒక మాట చెబితే వింటారని ఊళ్లో అనుకుంటున్నారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయ అర్జీదారు,
ఆర్టీసీ కాంప్లెక్స్, నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా.

తా.క.: తుని–అన్నవరం మధ్య కొత్త విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఉన్నట్టు పత్రికల్లో వచ్చింది. తుని ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్లే. దానికి ఎంతమంది వచ్చి ఎన్నిసార్లు శంకుస్థాపన చేసినా అర్జీదారుకు అభ్యంతరం లేదు. కబురు పెడితే కొబ్బరికాయ కూడా తెచ్చుకుంటాం, పచ్చిదే.