మా రోజుల్లో దయ్యం కథ ఇంటిదాకా వచ్చేది

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవడు ఫోనులో దయ్యం సినిమా చూస్తూ మూడు జొన్నరొట్టెలు తిన్నాడు. పుంటికూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. తెర మీద ఒక ఆడపిల్ల మెడ అటు తిప్పి ఇటు తిప్పి గోడ పట్టుకుని ఎక్కుతోంది. వీడి చేతిలో ముద్ద ఒక్కసారి కూడా ఆగలేదు. నేను పక్కనే కూర్చుని సినిమానూ చూశాను, వాణ్నీ చూశాను. నా కడుపు మండింది.

సినిమా పేరు '1920: హారర్స్ ఆఫ్ ది హార్ట్'. 2023లో వచ్చింది. అందులో అవికా గోర్ ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి "అయ్యో, ఈ పిల్ల మన చిన్నారి పెళ్లికూతురు సీరియల్లో ఆనందే గదా! దీనికి దయ్యాలతో ఏం పనొచ్చింది?" అని వెళ్లిపోయింది. సినిమా అయిపోయాక "ఎట్లుందిరా?" అని వాణ్ని అడిగాను.

"ఓకే తాతా. వన్ టైమ్ వాచ్."

అంతే. సాయంత్రం కట్ట మీద వాడి స్నేహితులు నలుగురు చేరితే అక్కడా విన్నాను. ఒకడు క్లైమాక్స్ బోరన్నాడు. ఇంకొకడు ఎవరికి దయ్యం పడుతుందో మొదటి పావుగంటలోనే చెప్పేశానన్నాడు. మూడోవాడు గ్రాఫిక్స్ చీప్‌గా ఉన్నాయన్నాడు. నాలుగోవాడు పాటల దగ్గర ముందుకు జరుపుకుంటూ చూశాడట. ఆ పిల్ల ఎవరు, తల్లి మీద ఆమెకు అంత కోపం ఎందుకు, తండ్రి ఆత్మ ఏం కోరి వచ్చింది, ఒక్కరి నోటా రాలేదు. రెండు గంటలు చూసిన సినిమా రెండు మాటల్లో అయిపోయింది.

మా రోజుల్లో ఇట్లా కాదు. మా ఊరు యరగేరలో ఒకడు రాయచూరు పోయి దయ్యం సినిమా చూసి వచ్చాడంటే, ఆ రాత్రి వేపచెట్టు కింద ఇరవై మంది కూర్చునేవాళ్లు. వాడు కథ మొదలుపెడితే సినిమా కన్నా ఎక్కువసేపు నడిచేది. చూసినవాడికి చెప్పే బాధ్యత ఉండేది. మధ్యలో తప్పు చెబితే రెండోసారి చూసివచ్చినవాడు ఆపి సరిచేసేవాడు.

మా ఊళ్లో హిందీ సినిమాలేమిటని కోస్తా వాళ్లు అడుగుతుంటారు. మాది రాయచూరుకూ మంత్రాలయానికీ నడుమ ఉన్న ఊరు. 1948 దాకా నిజాం ఏలుబడి, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిశాం. మా నాయన చదువు ఉర్దూలో సాగింది, కచేరీ కాగితాలన్నీ ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, సాయిబుల వీధిలో ఉర్దూ. దయ్యం, దెవ్వ, షైతాన్, మూడు పేర్లూ మాకు ఒకే గుండెదడ. హిందీ సినిమా మాకు మా మూడో ఇల్లు.

నేను చూసిన మొదటి దయ్యం సినిమా 'బీస్ సాల్ బాద్'. 1962లో వచ్చిన బొమ్మ మా ఊరి బయట డేరా టాకీసుకు చేరేసరికి రెండేళ్లు పట్టింది. ఇసుకలో కూర్చున్నాం. డేరాలో ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. రీలు అయిపోతే దీపం వెలిగించి ఇంకో రీలు ఎక్కించాలి. ఆ విరామాల్లోనే అసలు సినిమా జరిగేది. మా ముందు వరుసలో కూర్చున్న దర్జీ మామ హిందీ మాటలన్నీ తెలుగులో చెప్పేవాడు. "ఠాకూరు మనవడు హవేలీకి వచ్చిండు, వాళ్ల తాతను ఆ చిత్తడినేలలోనే చంపినారు, ఇప్పుడు వీని వంతు." ఆడవాళ్ల వైపు నుంచి మా వీధి అవ్వ ఒకామె గట్టిగా అడిగింది: "ఆ ఆడపిల్లకు అన్యాయం జరిగిననాడు ఊరంతా ఏం చేస్తుండె? ఒక్క ఠాకూరుదేనా తప్పు?" డేరా అంతా నిశ్శబ్దమైంది. ప్రొజెక్టరు ఆడించే అతను కూడా రీలు చేతిలో పట్టుకుని ఆమె వైపు చూశాడు. నాకు ఇప్పటికీ ఆ సినిమాలో హీరో మొహం కన్నా ఆ మాటే ముందు గుర్తొస్తుంది. ప్రేక్షకుల అభిప్రాయం అంటే అట్లా ఉండేది.

సినిమా అయ్యాక ఊళ్లోకి నడిచి రావాలి. అప్పటికి మాకు కరెంటు రాలేదు. ఒక లాంతరు, పదిహేను మంది. చింతచెట్టు దగ్గరికి రాగానే మాటలు వాటంతట అవే ఆగిపోయేవి. ఆ రాత్రి మా తమ్ముడికి దడుపు జ్వరం వచ్చింది. మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది, తెల్లారి దర్గాకు పోయి దారం కట్టించుకొచ్చింది. మూడు రోజులకు గానీ వాడు తేరుకోలేదు. దడుపు జ్వరం అనే మాట మా మనవడికి తెలియదు. దాని అర్థం చెబితే "వైరలా?" అని అడిగాడు.

సినిమా మొదలయ్యే ముందు మా వైపు డేరాల్లో వేసే రికార్డు గురించి కూడా చెప్పాలి. 1965లో వచ్చిన కన్నడ 'సత్య హరిశ్చంద్ర'లో రాజ్‌కుమార్‌కు ఘంటసాల పాడిన భూతనాథుడి పాట అది. స్వరం పెండ్యాల నాగేశ్వరరావుది. తెలుగు గొంతు, కన్నడ మాట, శ్మశానంలో ఉండే దేవుడు. ఆ పాట లౌడుస్పీకర్లో మొదలైందంటే పొలాల్లో ఉన్నవాళ్లు కూడా కాళ్లు కడుక్కుని పరుగెత్తేవాళ్లు. అది విన్నాక వచ్చే ఏ సినిమాకైనా మనసు సగం సిద్ధమై ఉండేది.

తర్వాత రాయచూరులో 'వో కౌన్ థీ' చూశాను. 1964 నాటి బొమ్మ, రాజ్ ఖోస్లా తీశాడు. వాన కురిసే రాత్రి, మనోజ్ కుమార్ కారు ఆపితే తెల్లచీరలో సాధన నిలబడి ఉంటుంది. ఎక్కించుకుంటాడు. ముందు అద్దం తుడిచే వైపర్లు ఆగిపోతాయి. అతనికి దారి కనబడదు. ఆమెకు కనబడుతుంది! నన్ను భయపెట్టింది అదొక్కటే. అరుపు లేదు, నెత్తుటి మొహం లేదు. చివరికి ఆమె దిగే చోటు శ్మశానం అని తెలిసినప్పుడు నా పక్కనున్న కాలేజీ కుర్రాడు కాళ్లు రెండూ కుర్చీలోకి లాక్కున్నాడు. దాన్నే రెండేళ్లకు జగ్గయ్య, జయలలితలతో 'ఆమె ఎవరు?' అని తెలుగులో తీశారు. ఏది బాగుందని మా ఊళ్లో నెలల తరబడి వాదులాట.

1979లో వచ్చిన కన్నడ 'నా నిన్న బిడలారె' సంగతి వేరు. అనంత నాగ్, లక్ష్మి. అందులో మనిషిని పట్టిన ఆత్మను వదిలించేది మన మంత్రాలయం రాఘవేంద్రస్వామి. మాకు మంత్రాలయమంటే పక్క ఊరు. తుంగభద్ర దాటితే అదే. దయ్యం సినిమా మా ఊరి దారిలోంచే నడిచిపోయినట్టు అనిపించింది. మా అమ్మ ఆ సినిమా చూసి, వచ్చిన గురువారం స్వామి బృందావనానికి దణ్ణం పెట్టుకొచ్చింది. రెండేళ్లకు అనంత నాగ్‌తోనే, రేఖను పెట్టి 'మంగళసూత్ర' పేరుతో హిందీలో తీశారు. అది చూసి వచ్చిన మా బావ "కథ అదే, మన రాఘవేంద్రరాయరు లేని లోటు కనబడుతుంది" అన్నాడు. దాంతో రాజీపడని ఇంకొకాయన రేఖ పక్షాన నిలబడి నెల రోజులు మా బావతో మాట్లాడలేదు. ఒక దయ్యం సినిమా కోసం!

నేను పాతదంతా బంగారమని చెప్పడం లేదు. మూసకు మా రోజుల్లోనే పునాది పడింది. రామ్‌సే సోదరులు ఉన్నారు గదా. హవేలీ, శాపం, లాంతరు పట్టుకున్న కాపలాదారు, జీపులో వచ్చే కుర్రకారు, చివర్లో త్రిశూలం. 1984లో 'పురానా మందిర్' చూశాం. తల ఒకచోట, మొండెం ఒకచోట పాతిపెట్టిన సామ్రీ అనే రాక్షసుడు. ఆ వేషం వేసిన అనిరుధ్ అగర్వాల్ మొహం చూసి రాయచూరు హాల్లో పిల్లలు ఏడ్చారు. దాని మధ్యలో 'షోలే'ను వెక్కిరిస్తూ పెట్టిన జగ్‌దీప్ హాస్యం అప్పుడూ నాకు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆ రామ్‌సేలు ఆ దారిలోకి ఎట్లా వచ్చారో తెలుసుకోవాలి. 1970లో వాళ్లు తీసిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' ఆడలేదు. అయితే పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగుతో దొంగతనానికి వచ్చే ఘట్టం ఒక్కదానికి మాత్రం జనం ఉత్సాహంగా కదలడం హాల్లో కూర్చుని గమనించారు. ఆ గమనింపు నుంచే 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' పుట్టింది. మహాబలేశ్వర్‌లో చిన్న ఖర్చుతో, ఇంటిల్లిపాదీ పనిచేసి తీశారు. జనం మధ్య కూర్చుని జనం మొహాలు చూసి సినిమా నేర్చుకున్నవాళ్లు వాళ్లు. వాళ్ల రబ్బరు ముసుగుల వెనక కూడా చేతిపని ఉంది.

ఆ మూసను మన తెలుగువాడే బద్దలుకొట్టాడు. రామ్ గోపాల్ వర్మ 1992లో రేవతితో 'రాత్రి' తీశాడు, హిందీలో 'రాత్'. మామూలు ఇల్లు, మామూలు కుటుంబం. 2003లో 'భూత్' తీసి దయ్యాన్ని బొంబాయి అపార్ట్‌మెంట్లోకి తెచ్చాడు, పాటలు తీసి పారేశాడు. అప్పుడనుకున్నాను, ఇక హవేలీల పీడ వదిలిందని. వదల్లేదు.

2002లో 'రాజ్' ఆడింది, పాటలు ఊరూరా మోగాయి. అది ఆడటమే శాపమైంది. 2009, 2012, 2016లో మళ్లీ 'రాజ్'లే. 2008లో విక్రమ్ భట్ '1920' తీశాడు. 2012లో, 2016లో, 2018లో దాని తోకలు. 2023లో ఆయన కూతురు కృష్ణా భట్ తీసినదే మా మనవడు రొట్టె తింటూ చూసింది. రెండు పేర్ల మీద తొమ్మిది సినిమాలు! పెద్ద బంగళా, పాత పాపం, మనిషి ఒంట్లోకి దూరే ఆత్మ, ఒంటిని విరుచుకునే ఆడపిల్ల, నమ్మని చదువుకున్నవాడు, నమ్మించే మంత్రగాడు, చివరికి దేవుడి పేరు. అన్ని ముక్కలూ అన్నింట్లో ఉండవు, కానీ కలిపి చూస్తే పేకముక్కలు కలిపి మళ్లీ పంచినట్టే.

ఇంకొకటి ఆ ఆదివారమే గమనించాను. దయ్యం పూనిన ఘట్టంలో వాళ్లమ్మ పిలిస్తే వీడు ఫోను శబ్దం పూర్తిగా తగ్గించాడు. బొమ్మ మాత్రం నడుస్తోంది. శబ్దం పోగానే అందులో ఏమీ మిగల్లేదు. ఒక పిల్ల నోరు తెరిచి ఉంది, అంతే. భయమంతా డప్పులోనే ఉందన్నమాట. వెనక నుంచి ఎవరైనా ఢామ్మని తలుపు వేస్తే నేనూ ఉలిక్కిపడతాను. దాన్ని భయమంటారా? ఉలికిపాటు క్షణంలో పోతుంది. భయం మనతో చింతచెట్టు దాకా నడిచొస్తుంది. 'వో కౌన్ థీ'లో వైపర్లు ఆగే ఘట్టాన్ని శబ్దం లేకుండా చూడండి, అప్పుడూ వెన్ను చల్లబడుతుంది.

ఇదంతా మా మనవడితో అన్నాను. వాడు ఊరుకోలేదు. "తాతా, మీకు చీకటి ఉండె. మాకేది? వీధి నిండా లైట్లు. చేతిలో ఫోన్ టార్చి. మీరు చీకట్ల నడిచొస్తిరి కాబట్టి భయపడ్డరు. సినిమా గొప్పతనం కాదు."

ఆ మాటకు నేను కాసేపు జవాబు చెప్పలేకపోయాను. కరెంటు రావడం మంచిదే. రాత్రిపూట పురుడు నొప్పులొచ్చిన ఆడదాన్ని లాంతరుతో బండి ఎక్కించిన రోజులు నాకు తెలుసు. ఆ చీకటి మళ్లీ రావాలని ఎందుకు కోరుకుంటాను?

కానీ వాడు మరిచిపోయినది నాకు గుర్తుంది. 2024 సెప్టెంబరులో 'తుంబాడ్' మళ్లీ విడుదలైంది. 2018లో రాహీ అనిల్ బర్వే తీసింది, సోహమ్ షా ముఖ్య పాత్ర. మొదటిసారి జనం పెద్దగా పోలేదు. రెండోసారి మొదటిసారి కన్నా ఎక్కువ వసూలైంది. మా మనవడు చదువుకునే ఊళ్లో దాన్ని చూసి, దసరా సెలవులకు ఇంటికొచ్చి మా అందరికీ కథ చెప్పాడు. తెగని వాన, గొలుసులతో కట్టేసిన ముసలామె, పిండిబొమ్మ పట్టుకుని బావిలోకి దిగే మనిషి, హస్తర్ అనే భూతం గోచీలోంచి రాలే బంగారు నాణేలు, తండ్రి దురాశను నేర్చుకునే కొడుకు. వీధి దీపం వెలుగులోనే కూర్చున్నాం. వాడు చేతులు తిప్పుతూ చెబుతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పక్కింటి పిల్లలు గోడ దిగి వచ్చారు. "ఆ నాణేలతో ఆగిపోయి ఉంటే వాడు బతికేవాడు గదా?" అని ఒక పాప అడిగింది. వాడి కంచంలో రొట్టె చల్లారి అట్టలా అయిపోయింది. తిననే లేదు.

అందుకే కుర్రవాళ్లలో లోపముందని నేను ఒప్పుకోను. కథ పెడితే వాళ్లు మోసుకొస్తారు. కథ లేనిదాన్ని ఏం మోసుకొస్తారు? ఆ రాత్రి సంగతి గుర్తు చేస్తే వాడు నవ్వి, "నిజమే తాతా, మొన్నటిదాంట్ల చెప్పనీకె ఏముంది?" అన్నాడు.

కాబట్టి నాయనలారా, 'వన్ టైమ్ వాచ్' అనే మాటతో సినిమావాళ్లను వదిలిపెట్టకండి. ఆ మాట వాళ్లకు చాలు, పదో సినిమా తీయడానికి. బాగాలేకపోతే ఎక్కడ బాగాలేదో, ఎందుకు భయం వేయలేదో విడమరిచి చెప్పండి. బాగుంటే ఇంటికొచ్చి, ఫోను లోపల పెట్టి, మీ అవ్వకూ తాతకూ కథ మొత్తం చెప్పండి. మేము మేలుకునే ఉంటాం.