పొలిమేర దాటితే పునీతుడే

కొత్త నేర విచారణ సంహితతో పోలీసు హద్దుల బెడద తీరిపోయిందన్న ప్రచారాన్ని నమ్మదలచినవారు తిరువళ్ళూరు జిల్లా ఉత్తరపు అంచున, తిరుత్తణికీ నగరికీ నడుమనున్న తమిళనాడు, ఆంధ్ర రాష్ట్రాల సరిహద్దును ఒకసారి దర్శించి తరించవలసి ఉంటుంది. ఎంతటి నేరస్థుడైనా ఆ గీత దాటగానే పునీతుడవుతాడు, ఎందుకంటే అది ‘మా పరిధి కాదు’.

ఆ గీత మహత్తు సామాన్యమైనది కాదు. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో తాలూకాగా ఉన్నంతకాలం నగరి దొంగ అక్కడికి పారిపోయినా జిల్లా సైతం దాటినవాడు కాడు. సరిహద్దు తగవులో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫారసులను అనుసరించి చేసిన 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికీ సత్యవేడు ప్రాంతాన్ని ఆంధ్రకూ ఇచ్చి, 1960 ఏప్రిల్ 1న (ఆ తేదీని ఎంచినవారెవరో గాని రసికులు) అమలులోకి వచ్చింది.

ఆనాడు కొండలు కదలలేదు, వియ్యాలు తెగలేదు, తిరుత్తణి ఇళ్ళలో తెలుగు ఆగిపోలేదు. కురచైనది ఖాకీల చూపొక్కటే. సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టిన 1888లోనే, ఒక ప్రాంతపు పోలీసుల అధికారాన్ని మరొక ప్రాంతానికి విస్తరింపజేసే పోలీసు చట్టమూ పుట్టింది. ఆయన పేరు ప్రతి బడికీ చేరింది, దాని పేరు మాత్రం స్టేషన్ల గుమ్మమెక్కినట్టు లేదు.

వారెంటు లేకుండా అరెస్టు చేయదగినవాణ్ణి దేశంలో ఎక్కడికైనా వెంటాడవచ్చునని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 48వ సెక్షన్ చెప్పనే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 45వ సెక్షన్‌లో దానినే తిరగరాసి పెట్టుకుంది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపే ‘జీరో ఎఫ్‌ఐఆర్’ హద్దు దాటించేది కాగితాన్నే గాని కానిస్టేబులును కాదు. పొరుగు రాష్ట్రంలో పట్టుబడినవాణ్ణి తరలించడానికి అక్కడి మేజిస్ట్రేటు ఇచ్చే అనుమతి, అనగా ‘ట్రాన్సిట్ రిమాండ్’, నిందితుడికి రక్షణగా ఏర్పడినది. పోలీసుల నోట అది కదలకపోవడానికి సాకైంది.

ఇది చేతకానితనమని సరిపెట్టుకోవడానికి వీలులేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో, ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ తమిళనాడుకు చెందిన 20 మందిని ఆంధ్ర పోలీసులు కాల్చి చంపి, ఆత్మరక్షణ అన్నారు. కొందరిని అంతకుముందే బస్సులో నుంచి దింపి పట్టుకుపోయారని ప్రాణాలతో మిగిలినవారు చెప్పారు. గీత ఇటు దాటి వచ్చిన కూలీకి మేజిస్ట్రేటూ లేడు, విచారణా లేదు. దుంగ కొన్నవాడు అటు దాటిపోయినప్పుడు మాత్రం అనుమతులు, ఉత్తరప్రత్యుత్తరాలు, సమన్వయ సమావేశాలు, వాటిలో తేనీరు!