అక్షయ వారెంటు

మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములలో వసించు సాఫ్ట్‌వేరు జనులకు దైవమిచ్చిన విశేషశక్తి యేమనగా, ఉండవలసిన చోట ఉండకయే ఉన్నట్లు పేరు తెచ్చుకొనుట. 1998లో వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిన నాటికి ఉద్యోగి యనువాడు కనీసము ఆఫీసునకు వచ్చెడివాడు. కరోనా తరువాత ఆ నియమమును సడలిపోయినది. కెమెరా ఆర్పివేసి, పేరు ప్రక్కన పచ్చచుక్క వెలుగుచుండగా, మంచముపై కూర్చుండి పెసరట్టు తినుచున్నవాడు సైతము చికాగోలోని దొర దృష్టిలో విధినిర్వహణయందు తలమునుకలైనవాడే. ఇట్టి సిద్ధపురుషులలో నొకడగు మా మేనల్లునిపై, ‘రమ్మన్నప్పుడు రాలేదు’ అను కారణమున ఒక న్యాయస్థానము నాన్ బెయిలబుల్ వారెంటు జారీచేసినదని విన్నప్పుడు, నాకు విచారముకంటె ముందు ఆశ్చర్యమును, ఆశ్చర్యముకంటె ముందు, దాచనేల, రవంత సంతోషమును కలిగినవి.

వ్యవహారపు మూలము పురాణమునకు చాలినంత పెద్దది కాదు. ఒక శనివారము రాత్రి దుర్గం చెరువు తీగల వంతెన దాటిన పిమ్మట పోలీసులు వానిచేత గొట్టములో ఊదించిరి. మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో మద్యము 30 మిల్లీగ్రాములు మించరాదు. యంత్రము 52 చూపెను. బండి ఠాణాకును, వాడు క్యాబులో ఇంటికిని చేరిరి. తరువాత కౌన్సెలింగునకు కుటుంబ సభ్యునొకరిని వెంటబెట్టుకొని రమ్మనగా, తండ్రికి చెప్పుటకు జంకి నన్ను తీసికొనిపోయెను. తాగి నడిపిన వారు వెనుక వరుసలలో కునుకుచుండగా, కాఫీ తప్ప మరియొక పానీయ మెరుగని నేను ముందు వరుసలో కూర్చుండి, మద్యపానమువలన కలుగు అనర్థములను ఆమూలాగ్రముగా విని, తల యూపుచు వచ్చితిని. అంతటితో వాని లెక్కలో టికెట్టు క్లోజైనది. కోర్టు వాయిదా యొకటి మిగిలియున్నదన్న సంగతి పోలీసులిచ్చిన చీటీలో వ్రాసియే యుండెను గాని, షరతులు చదువకయే ‘అంగీకరించితిని’ అని నొక్కుటయందు పుట్టుకతో ఆరితేరిన తరము కదా యిది.

న్యాయస్థానమువారు తొందరపడిరని అనుటకు వీలులేదు. ముందు సమన్లు, అప్పటికిని రాకున్న బెయిలబుల్ వారెంటు, గత్యంతరము లేనప్పుడే నాన్ బెయిలబుల్ అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మెట్లన్నియు వరుసగా ఎక్కియే వచ్చిరి. తప్పినది చిరునామా. పదునొకండు నెలల అద్దె ఒప్పందములపై బ్రతుకీడ్చు ఈ ప్రాంతపు బ్రహ్మచారిని కాగితముతో పట్టుకొనుట సామాన్యమా? కొండాపూరు హాస్టలు చిరునామాతో సమన్లు వచ్చునప్పటికి వాడు మియాపూరులో నుండెను. మియాపూరునకు వారెంటు పోవునప్పటికి వాడు తెల్లాపూరులో పాలు పొంగించుచుండెను. ‘ఇల్లు ఖాళీ చేసినాడు’ అను వ్రాతతో కాగితములు యథాస్థానమునకు మరలినవి.

అయినను ఆ కానిస్టేబులు బుద్ధిశాలి. కాళ్లతో సాధ్యము కానిది ఫోనుతో సాధింపదలచి, “సార్, మీ మీద వారెంటున్నది, ఒకసారి స్టేషనుకు రాండ్రి” అని మర్యాదగానే పిలిచెను. మావాడప్పటికి వారి కంపెనీలో సైబర్ భద్రతా శిక్షణ పూర్తిచేసి పత్రము పుచ్చుకొనియున్నవాడు. డిజిటల్ అరెస్టు పేరిట జరుగు మోసములను గూర్చి 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో హెచ్చరించినదియు విన్నవాడు. కావున ఆ నంబరును తక్షణమే బ్లాకుచేసి, ఇట్టి ఫోన్లు వచ్చినచో 1930కి ఫిర్యాదు చేయవలయునని కుటుంబపు వాట్సాప్ బృందములో మాకందరకు హితబోధ చేసెను. మేమును చేతులు జోడించిన బొమ్మలు పంపి అభినందించితిమి. వారి అపార్టుమెంటులోనే యొక పెద్దమనిషి, కాకీ చొక్కా తొడిగి వీడియోలో గద్దించిన దొంగకు జడిసి, దాచుకొన్న సొమ్ము ధారపోసెను. నిజమైన పోలీసు మెత్తగా మాటాడిన పాపమునకు దొంగయయ్యెను. గద్దింపులేని ప్రభుత్వమును మనవారు నమ్మరు గాబోలు.

గుట్టు బయటపడినది పాస్‌పోర్టువలన. ఆన్‌సైటు యోగము పట్టి, పాస్‌పోర్టు పునరుద్ధరణకు దరఖాస్తు చేయగా, పోలీసు విచారణలో వారెంటు పైకి తేలెను. 1967 నాటి పాస్‌పోర్టు చట్టము ఆరవ సెక్షనులో, అరెస్టు వారెంటున్నవానికి పాస్‌పోర్టు నిరాకరింపవలయునని స్పష్టముగా వ్రాసియున్నది. ఆ రాత్రి వాడు మా యింటికి వచ్చి, “మామయ్యా, డిజిటల్‌ది కాదు, అసలుదే!” అని కూలబడెను.

అంతకుముందే ఆఫీసు క్యాంటీనులోని ధర్మశాస్త్రవేత్తలు వాని నావరించియుండిరి. మూడేండ్లకు వారెంటు దానంతటదియే మురిగిపోవునని ఒకరు, ఆన్‌లైనులో డబ్బు కట్టిన చాలునని మరియొకరు, లోక్ అదాలత్‌లో మూకుమ్మడిగా కొట్టివేయుదురని ఇంకొకరు ఉపదేశించిరి. ఓటీపీ నిమిషములలో మరణించును, కూపను అర్ధరాత్రికి గతించును. కాలపరిమితి లేని వస్తువొకటి లోకములో నుండునని వారి యూహకే అందదు. కాని పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు 70వ సెక్షనులోను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 72వ సెక్షనులోను ఉన్న మాట ఒక్కటే: జారీచేసిన న్యాయస్థానము రద్దుచేయువరకో, అమలు జరుగువరకో వారెంటు సజీవముగనే యుండును. గీతాచార్యుడు ఆత్మకు చెప్పిన విశేషణములలో ముప్పాతికపాలు దీనికి చెల్లును. అద్దె యిల్లు మారిన కొలది మనిషి దేహము మారునేమో గాని ఇది మారదు.

మేమాశ్రయించిన న్యాయవాది యువకుడు, నిదానస్థుడు. కేసు నంబరు ఫోనులో కొట్టి చూచి, పెదవి విరచి, “వకాలత్ మీద సంతకం పెట్టండి. రీకాల్ పిటిషన్ వేద్దాం. కానీ మనిషి రావాలి,” అనెను.

“వీడియో లింకు ఇప్పించలేరా, సార్? సోమవారం రిలీజుంది,” అని మావాడు.

“బాబూ, మీరు రాలేదనే కదా వారెంటు! మళ్ళీ రాకుండానే రద్దు చేయమంటే మేడమ్ ఏమంటారు? మనంతట మనం వెళ్తే ఒక రకం. వాళ్ళు పట్టుకొస్తే ఇంకో రకం. అదీ శుక్రవారం సాయంత్రం దొరికారనుకోండి…” అని న్యాయవాది వాక్యమును పూర్తిచేయక చిరునవ్వు నవ్వెను. వాక్యములు పూర్తిచేయకుండుటయే ఆ వృత్తిలోని సగము విద్య యని నాకప్పుడు తోచినది.

పిటిషనులో గైరుహాజరునకు కారణము వ్రాయవలసి వచ్చెను. ఈ దేశమున రీకాల్ పిటిషనులన్నిటిని చదువు పుణ్యాత్ముడెవడైన నున్నచో, వాయిదానాడు ముద్దాయిలందరకు తప్పక జ్వరము వచ్చునని నిర్ధారించి వైద్యశాస్త్రమునకు మహోపకారము చేసియుండును. గుమాస్తా అలవాటు చొప్పున “వైరల్ ఫీవరు పెట్టమంటారా, టైఫాయిడా?” అని అడిగెను. న్యాయవాది వలదని, అద్దె ఒప్పందములు తెమ్మనెను. వంద రూపాయల స్టాంపు కాగితములపై నున్న ఆ ఒప్పందములన్నియు వరుసగా జతపరుపగా, మావాని సంచారచరిత్ర శాసనాధారములతో సిద్ధమైనది. జామీను అడిగినచో నిలబడుటకై నేను ఇంటిపన్ను రసీదు, ఆధారు, పెన్షను పుస్తకము ప్లాస్టిక్ సంచిలో సర్దుకొంటిని. సాలుకు ముప్పది లక్షలు తెచ్చుకొను వాని పూచీకి, పంచాయతీకాలపు మా పెంకుటింటి రసీదు అవసరపడవచ్చునన్న యూహ నాకెంతో హితముగా నుండెను.

పిటిషను విచారణకు వచ్చిన ఉదయము, కేసులు పిలుచు కాల్ వర్కు మొదలు కాకమునుపే కోర్టు వరండా నిండిపోయెను. మావాడు కంపెనీ ట్యాగు మెడలో వ్రేలాడుచుండగనే వచ్చెను. న్యాయవాది దానిని తీయించి, చొక్కా చేతులు దింపించి, ఫోను నాచేతికిప్పించెను. ఆ ఫోను నా జేబులో మూలుగుచు కదలుచునే యుండెను. వాని పచ్చచుక్క ఎచ్చటనో యథాప్రకారము వెలుగుచుండెను గాబోలు. ఇంతలో కాగితముల కట్ట చంకనిడుకొన్న కానిస్టేబులు వానిని ఎగాదిగ చూచి, “సార్, మీరేనా! ఎన్ని దినాలకు దొరికిన్రు! ఫోన్ జేస్తే కలుస్తనే లేదు. బ్లాకు జేసిన్రా ఏంది?” అని ఆప్తబంధువువలె పలుకరించెను. మావాడు గోడవైపు చూచెను.

మాకంటె ముందు ఒక ఆటోడ్రైవరును పిలిచిరి. అతనిదియు వారెంటే. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టము క్రింద ఉచితముగా నియమింపబడిన ఒక మహిళా న్యాయవాది అతని పక్షమున లేచి, రెండు ముక్కలలో విషయము విన్నవించి, వారెంటు రద్దు చేయించినది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, నిర్బంధములో నున్నవారికిని ఆదాయముతో పనిలేకయే ఆ సహాయము దొరకునని ఆ చట్టము 12వ సెక్షను చెప్పుచున్నది. దొరకునని తెలిసినవారే తక్కువ. మేము చెల్లించిన ఫీజును తలచుకొని నేను కొంచెము చిన్నబుచ్చుకొంటిని గాని, పనితనములో రెండింటికి నాకు భేదము కనబడలేదు.

మావాని వంతు వచ్చెను. మెజిస్ట్రేటుగారు కాగితములనుండి తలయెత్తి, “ఎందుకు రాలేదు?” అనిరి.

“యాక్చువల్లీ మేడమ్, అడ్రస్ అప్‌డేట్ కాలేదు.”

“ఎవరు అప్‌డేట్ చేయాలి?”

ఎట్టి క్లయింటు ప్రశ్నకైనను తిరిగి చూచి చెప్పెదనని తప్పించుకొను చతురుడు, చేతులు కట్టుకొని మౌనము వహించెను. ఆమె ఒప్పందముల దొంతరను త్రిప్పిచూచి, వారెంటు రద్దుచేసిరి. నేరమొప్పుకొందునని వాడు చెప్పగా కేసును ఆనాడే విచారించిరి. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. వానికి జరిమానాతో పోయినది. జామీను ప్రసక్తియే రాలేదు. నా ప్లాస్టిక్ సంచి వైపు న్యాయస్థానములో ఎవ్వరును కన్నెత్తి చూడలేదు.

“ఇంక అయిపోయినట్టేగా, సార్? పీడీఎఫ్ మెయిల్ చేస్తారా?” అని బయటికి రాగానే మావాడు అడిగెను. రద్దుచేసిన యుత్తరువు ఠాణాకు చేరి అచ్చటి రిజిస్టరులో ఎక్కువరకు అయిపోయినట్లు కాదనియు, నడుమ ఎవరైన పాత వారెంటు పట్టుకొని వచ్చినచో చూపుటకు నకలు దగ్గర నుంచుకొనవలయుననియు న్యాయవాది చెప్పెను. నకలునకు దరఖాస్తు పెట్టి, అది చేతికి వచ్చిన పిదప ఠాణాకు పోతిమి. అచ్చటి రైటరు లావుపాటి పుస్తకము తెరచి, వేలితో వరుసలు దిగివచ్చి, మావాని పేరును ఎర్ర సిరాతో కొట్టివేసి, పాస్‌పోర్టు కాగితములు మరల పంపుటకు తెల్ల కాగితము ముందుంచుకొనెను.

“ఇప్పుడున్న అడ్రసు చెప్పుండ్రి, సార్.”

“తెల్లాపూర్ రాసుకోండి,” అని మావాడు ఒక్క క్షణమాగి, “కానీ వచ్చే నెల ఖాళీ చేస్తున్నామండీ,” అనెను.

రైటరు కలము క్రింద పెట్టెను.