గాలి బంధు

ఖానాపురం హవేలి నుంచి భద్రాచలం బయల్దేరిన కారుకు నాలుగు చక్రాలు రాముడి మీద భారం వేసి తిరుగుతుంటాయి. ఐదోది డిక్కీలో పట్టా కింద పడుకుని ఉంటుంది. అందులో గాలి ఉందో లేదో రాముడికీ తెలియదు, ఓనరుకూ తెలియదు.

లోపం పూజలోనే ఉంది. కొత్త కారు షోరూం నుంచి రాగానే కొబ్బరికాయ కొడతాం, పసుపు కుంకుమ పెడతాం, టైరుకొకటి చొప్పున నిమ్మకాయలు తొక్కిస్తాం. నాలుగంటే నాలుగే. స్టెప్నీకి నిమ్మకాయ పెట్టించిన పంతులు ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఇంతవరకు కనబడలేదు. డ్యాష్‌బోర్డు మీద ఆంజనేయుడు, వెనక అద్దం మీద పిల్లల పేర్లు, ముందు అద్దం మీద ఎప్పుడూ చేయని ఉద్యోగం తాలూకు స్టిక్కరు, అన్నీ సిద్ధం. గాలి ఎంత ఉండాలో చెప్పే స్టిక్కరు కూడా డ్రైవరు డోరు పక్కనే ఉంటుంది. దాన్ని మొదటిసారి చదివేది ఆ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొనడానికి వచ్చినవాడు.

పాల్వంచ దాటి అడవిలో పడ్డాక టైరు దిగిందనుకోండి. సారపాక పేపరు మిల్లుకు పోయే జామాయిల్ లారీలు పక్కనుంచి కారు ఊగేటట్టు పోతుంటాయి. అప్పటిదాకా మనిషి జాడ లేని చోట చూస్తుండగానే సలహా మండలి ఏర్పడుతుంది. బైకు ఆపిన పెద్దమనిషి నైట్రోజన్ కొట్టించుకోవాల్సింది అంటాడు. ఇంకొకాయన ఏ కంపెనీ టైరు మంచిదో వివరిస్తాడు. మూడో ఆయన అసలు ఈ మోడలే కొనకూడదని తేల్చేస్తాడు. వెనక సీట్లోంచి దిగిన అత్తగారు బయల్దేరేటప్పుడు ఎవరు తుమ్మారో విచారణ మొదలుపెడుతుంది. పానా పట్టుకున్నవాడు ఒక్కడే, ఓనరు. ఆయన జాకీని బంపరు కింద పెట్టి, బంపరు ఎందుకు వంగుతోందా అని ఆలోచిస్తుంటాడు.

ఈలోగా వెనక వచ్చే లారీకి మనం ఆగినట్టు తెలియాలి కదా. కారుతోపాటు ఎర్ర త్రికోణం ఒకటి ఇస్తారు. అది కవరు చింపకుండా డిక్కీలో భద్రంగా ఉంటుంది. మన పద్ధతి మనది: నాలుగు రాళ్ళు, ఒక తుమ్మ కొమ్మ. పని అయ్యాక మనం వెళ్ళిపోతాం, రాళ్ళు మాత్రం అక్కడే కాపలా కాస్తాయి. చీకటి పడ్డాక వచ్చేవాడికి అవి తగులుతాయి, తప్పితే ముళ్ళు గుచ్చుకుంటాయి. ఈ రోడ్డు మీద పంక్చర్లకు వంశవృద్ధి అలా జరుగుతుంది.

అటుగా పోయే ట్రాలీ ఆటో డ్రైవరు ఆగేదాకా సమావేశం నడుస్తుంది. “జాకీ దించు సారూ. చక్రం నేల మీద ఉండంగనే నట్లు వదులు చెయ్యాలె,” అంటాడు అతను. హ్యాండ్‌బ్రేకు వేయించి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టి, పానా మీద కాలేసి ఒక్కో నట్టునూ కాస్త కదిలిస్తాడు. ఆ తర్వాతే బాడీ అంచు కింద గాడి ఉన్న చోట జాకీ పెట్టి లేపుతాడు. స్టెప్నీ ఎక్కించి, నట్లు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగిస్తాడు. మండలి ఇంకా నైట్రోజన్ దగ్గరే ఉంటుంది. జాకీ దించుతారు. జాకీతోపాటు స్టెప్నీ కూడా మెల్లగా నేలకు దిగిపోతుంది.

మన స్వభావాన్ని ఢిల్లీ ముందే కనిపెట్టింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సరు, రిపేరు కిట్టు ఉంటే చిన్న బళ్ళకు స్టెప్నీ అక్కర్లేదని 2020 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ఎలాగూ గాలి కొట్టించరు, మోయడం దేనికని కాబోలు. టైరు మధ్యలో మేకు దిగితే కిట్టులోని జిగురు ఆదుకుంటుంది. గుంత అంచుకు తగిలి టైరు సైడు కోసుకుపోతే ఆ జిగురు నిలవదు. రూలు రాసినవాళ్ళు మేకులున్న రోడ్డు మాత్రమే చూసినట్టున్నారు. సాయం లేదనడానికీ లేదు. కొత్తగూడెం నుంచి భద్రాచలం దారి 30వ నంబరు జాతీయ రహదారి కాబట్టి 1033కు ఫోన్ చేయొచ్చు. సిగ్నల్ దొరికే చోటి దాకా నడవాలి, అంతే.

అసలు మందు బయల్దేరిన ఊళ్ళోనే, పెట్రోలు బంకులోనే ఉంది. అక్కడ గాలి ఉచితంగా కొట్టాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధనే. యూరియా కోసం తెల్లారకముందే చెప్పులు లైన్లో పెట్టే జిల్లాలో గాలి మిషను దగ్గర మాత్రం కుర్రాడు ఈగలు తోలుకుంటుంటాడు. ఎవరైనా వచ్చినా నాలుగు టైర్లకే కొట్టించుకుని, డిక్కీలో సామాను ఎవరు దించుతారని వెళ్ళిపోతారు. కారణం ఒక్కటే. ఆ ఉచితానికి పథకం లేదు.

అందుకని ఏలినవారికి మనవి. స్టెప్నీకి మాత్రమే వర్తించేలా ‘గాలి బంధు’ ప్రకటించాలి. మీ-సేవలో దరఖాస్తు, ఆధార్, ఆర్సీ జిరాక్సులు, రెండు ఫొటోలు. మిషను మీద ముఖ్యమంత్రి బొమ్మ. వార్డు సభలో లబ్ధిదారుల జాబితా. మరుసటి వారమే ఖానాపురం హవేలిలో ధర్నా మొదలవుతుంది, అర్హులకు ముప్పై రెండు కొట్టాల్సింది ముప్పయ్యే కొట్టారని. మొదటి విడతలో పేరు రానివాళ్ళు ఎమ్మెల్యే ఇంటికి వెళతారు. కారు లేనివాళ్ళు కూడా ఎక్కడిదో ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చి లైన్లో నిలబడతారు. ప్రతిపక్షం అధికారంలోకి వస్తే రెండు స్టెప్నీలకు కొడతామంటుంది.