అడుగున మసి, అంచున పేరు

నా అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరొకటి ఉండేది. నలభై ఏళ్ళు చింతపండుతో రుద్దగా రుద్దగా అందులో చివరి 'మ్మ' ఒక్కటే మిగిలింది. మా గోదావరి జిల్లాల్లో సగం మంది ఆడవాళ్ళ పేర్లకి ఆ ఒక్క అక్షరం సరిపోతుంది కాబట్టి, నేనెవరి సొమ్మో కొత్తవాళ్ళు పోల్చుకోలేరు. నాకు మాత్రం తెలుసు. 1962లో నాతోపాటు సారె బండిలో అత్తారింటికొచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లది ఆ పేరు. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. అందరికీ మామ్మ.

నేను రాగి కాగుని. తణుకు దగ్గర అజ్జరంలో పుట్టాను. ఇత్తడికీ రాగికీ పేరుపడ్డ ఊరది. అక్కడ తెల్లారేది కోడికూతతో కాదు, సుత్తి దెబ్బలతో. నా ఒంటి మీద ఇప్పటికీ ఆ దెబ్బల గుంటలున్నాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. నలభై లీటర్ల నీళ్ళు పట్టే కడుపు, చెంబు దూరేంత మూతి.

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి నా సింహాసనం. కొబ్బరి మట్టలు, డొక్కలు మంట. ఎక్కించే ముందు మామ్మ నా అడుక్కి తడి బూడిద పట్టించేది, మసి పట్టినా కడిగితే ఊడి రావాలని. ఇనుముతో పోలిస్తే రాగి వేడిని అయిదు రెట్లు బాగా పాకనిస్తుంది. అయినా కొబ్బరి డొక్క మంట కదా, పొగే ఎక్కువ. నేను కాగడానికి ముప్పావుగంట పైనే పట్టేది. ఆ ముప్పావుగంటలోనే అసలు పనంతా జరిగేది. ఇది నేను గొప్పకి చెప్పుకోవడం కాదు, ఆలస్యమే నా ఉద్యోగం.

శనివారాలు మగపిల్లలకి తలంటు. నువ్వులనూనె గిన్నెని నా పక్కన బూడిదలో పెట్టి గోరువెచ్చన చేసేవారు. నడినెత్తిన మొదలుపెట్టి, చెవుల వెనక, మెడ, వీపు, చివరికి అరికాళ్ళు. తలకీ చెవులకీ పాదాలకీ నూనె తప్పకుండా పట్టించమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో రాశాడట. మామ్మ ఆ పేరు కూడా విని ఎరగదు. వాళ్ళమ్మ అలాగే రాసింది, అంతే. నూనె ఒంట్లోకి ఇంకేదాకా పిల్లల్ని పెరట్లోంచి కదలనిచ్చేది కాదు.

ఆలోపు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, నాలోంచి ఒక చెంబెడు మరిగే నీళ్ళు పోసి నానబెట్టేవారు. గింజలు పిల్లల గోళీలాటకి. పిసుకుతుంటే నురగ ఉబికి వచ్చేది. కుంకుడు తొక్కలో సాపోనిన్లని ఉంటాయి, ఆ నురగ వాటిది. సబ్బులాగా ఉప్పునీటితో గొడవపడి తెల్లటి తెట్టు కట్టదు. ఉన్న తప్పల్లా కళ్ళల్లో పడితే పెట్టే మంటే. దానికి విరుగుడుగా మామ్మ ముందే పిల్లల నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేది. ఉప్పుకీ కంటి మంటకీ ఏమిటి సంబంధమని నన్నడగకండి. నోట్లో ఉప్పుకల్లు చప్పరిస్తున్న పిల్లాడు నోరు తెరిచి ఏడవడు. ఆ లెక్క మాత్రం నాకు అర్థమైంది.

ఇక నలుగు. పెసలు, గుప్పెడు బియ్యం, వట్టివేళ్ళు, కచ్చూరాలు, పసుపుకొమ్ములు, చిటికెడంటే చిటికెడే బావంచాలు, ఎండబెట్టి విసిరిన పిండి. బావంచాల మాట ముందుకి గుర్తుంచుకోండి.

నీళ్ళు కాగాక గంగాళంలోకి తోడి, చన్నీళ్ళు కలిపి, మామ్మ మోచెయ్యి ముంచి చూసేది. "అరచెయ్యి పొయ్యి దగ్గర కాలీ కాలీ మొద్దుబారిపోయిందే, దాన్ని నమ్మకు. మోచెయ్యి అబద్ధమాడదు" అని కోడలికి చెప్పేది. ఇంటికొచ్చిన ప్రతి పసికందుకీ ముందు ఆ మోచెయ్యి మునిగింది. నీళ్ళు పోసే ముసలమ్మ కాళ్ళు బారచాపి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నేనిచ్చిన నీళ్ళు ధారగా పోస్తుంటే ఏడుపు ఆగి, కళ్ళు మూతపడేవి. తరవాత బాలింత జుట్టుకీ, బిడ్డకీ సాంబ్రాణి పొగ. అన్నీ మంచివేనని నేననను. ముక్కులో నూనెచుక్కలు వేసేవారు, అది ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదమని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటారు. పసివాళ్ళకి ఆ పొగా మంచిది కాదంటారు. మా కాలం పద్ధతులు కదా అని వాటిని వెనకేసుకు రాలేను.

భోగి రోజు నా మెడకి పసుపు, బొట్లు. ఏడాదికి ఆ ఒక్క పూట నేను కూడా పెళ్ళికూతుర్ని.

2004లో ఊళ్ళో ఇల్లు అమ్మేశారు. మామ్మతోపాటు నేనూ హైదరాబాదు చేరాను, మియాపూర్‌లో నాలుగో అంతస్తుకి. స్నానాలగదిలో గోడకి వేలాడుతూ గీజరు కనిపించింది. పదిహేను లీటర్లు, రెండు కిలోవాట్లు, ఇరవై నిమిషాల్లో వేణ్ణీళ్ళు. మసి లేదు, ఊదడం లేదు. నాకు కోపం రాలేదు, పొగకి మామ్మ కళ్ళు ఎంత ఎర్రబడేవో చూసినదాన్ని. అయితే దానికీ ఒక రోగముంది. బోరునీళ్ళ సున్నం లోపల పెచ్చులు కడుతుంది. అదే నీళ్ళకి మనవరాలి జుట్టు పీచులా అయింది.

నన్ను బాల్కనీలో పెట్టారు. చిలుము పట్టింది. ఒకరోజు మొక్కలబ్బాయి వచ్చి, నీళ్ళు పోవాలని నా అడుగున డ్రిల్లుతో చిల్లు పెట్టి, మట్టి నింపి, మనీప్లాంటు నాటాడు. నలభై లీటర్లు మోసిన కడుపు! పోనీలెండి.

బాల్కనీలోంచే మనవరాలి ఆదివారాలు చూసేదాన్ని. దాన్ని 'వెల్‌నెస్ సండే' అనేది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల, ఆ పూటైనా ఒంటిని పట్టించుకుంటోంది, తప్పేముంది? సీసాలు మాత్రం ఎక్కువ. షాంపూ అన్న మాట ఒత్తమనే అర్థమున్న హిందీ 'చాంపో' నుంచి ఇంగ్లీషులోకి పోయిందేనని ఓసారి మామ్మకి చదివి వినిపించింది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల తెరిచి దొరలకి ఒళ్ళు పట్టాడట. మామ్మ నవ్వి, "మరైతే ఒత్తడం మానేసి సీసా ఒక్కటే ఎందుకు కొంటున్నావే?" అంది.

ఆ మాటకి పౌరుషమొచ్చిందో ఏమో, పిల్ల నలుగుపిండి కొట్టుకుంది. బావంచాలు చిటికెడు కాదు, గుప్పెడు. ఒంటికి పట్టించుకుని మధ్యాహ్నం ఎండలో బయటికెళ్ళింది. రెండో రోజుకి మెడ మీద ఎర్రటి మచ్చలు, మంట. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది, ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది అన్నాడు చర్మం డాక్టరు. ఆయనే ఇంకో రెండు ముక్కలు చెప్పాడు. చుండ్రు ఉంటే రాత్రంతా నూనె ఉంచుకోవద్దు, చుండ్రు తెచ్చే బూజుకి నూనే తిండి. వేణ్ణీళ్ళలో పది నిమిషాలు చాలు, ఒళ్ళు తుడుచుకోగానే, చెమ్మ ఆరకముందే కాస్త నూనో క్రీమో రాసుకోమ్మా అన్నాడు.

అప్పట్నుంచి పిల్ల స్నానం రాత్రికి మారింది. పడుకోబోయే గంట, రెండు గంటల ముందు, 40 డిగ్రీలు దాటీ దాటని నీళ్ళు. చేతులకీ పాదాలకీ రక్తం పారి లోపలి వేడి దిగుతుందని, నిద్ర త్వరగా పడుతుందని 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు పాత పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చారట. ఫోను బయట పెట్టి వెళుతుంది. ఆ సంగతి మాత్రం నాకు నచ్చింది.

పోయిన వేసవిలో పిల్ల మనీప్లాంటుని వేరే కుండీలోకి మార్చి, నన్ను బేగంబజారు తీసుకెళ్ళింది. అక్కడొకాయన నా చిల్లుకి రాగిరేకు పెట్టి మాటు వేశాడు. "నీళ్ళు పోసుకో అమ్మా, పొయ్యి మాత్రం ఎక్కించకు, అతుకు కరుగుతుంది" అన్నాడు. చింతపండుతో తోమితే మళ్ళీ ఎర్రబడ్డాను.

ఇప్పుడు నాలో గీజరు నీళ్ళు. మామ్మకి ఇరవై ఏళ్ళుగా చక్కెర జబ్బు, పాదాలకి వేడీ చలీ తెలియవు. ఒకసారి మరీ వేడినీళ్ళలో కాలు పెట్టి బొబ్బలెక్కేదాకా ఎరగదు. అందుకని నానబెట్టడం లేదు. పిల్ల ప్లాస్టిక్ టబ్బులో మామ్మ పాదాలుంచి, చెంబుతో నాలోంచి తోడి పోసి, కడిగి, వేళ్ళ సందులు తుడిచి, మడమలకి మాత్రం నూనె రాస్తుంది.

నిన్న రాత్రీ అంతే. పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచి, నా మూతిలోంచి మోచెయ్యి ముంచింది.

"సరిపోయిందా మామ్మా?"

"నాకేం తెలుస్తుందే అమ్మడూ, నువ్వే చూడు."

ఇంకో అరచెంబు చన్నీళ్ళు పోసి మళ్ళీ ముంచింది. నా మాటు దగ్గర సన్నగా చెమ్మ ఊరుతోంది. ఇద్దరూ చూడలేదు.