సొంతంగారి సన్న అద్దం

ఊరికొక సొంతంగారు ఉంటారు. చోడవరంలో ఉన్నాయన కాస్త ముదిరిన రకం. "కొనడమేటండీ, సొంతంగా చేసేద్దాం" అనని రోజు లేదు గనక అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి ఈ పేరు మిగిలింది. స్వయంభూ వినాయకుడు వెలసిన ఊరు; అన్నీ ఇంట్లోనే వెలవాలనుకోవడం తప్పని ఎలా అంటాం? కొళాయి కారితే ప్లంబర్ని రానివ్వరు. వాషరు తనే వేస్తారు. కారడం ఆగదు గాని కారే చోటు మారుతుంది.

ఈమధ్య ఆయన చూపు స్మార్ట్ అద్దం మీద పడింది. వెలుతురులో కొంత తిప్పికొట్టి కొంత పోనిచ్చే గాజు, దాని వెనక ఒక తెర, తెరకో బుల్లి కంప్యూటరు. తెర నల్లగా ఉన్నచోట మన ముఖం, తెల్లక్షరాలున్నచోట టైమూ ఎండా వార్తలూ. మైకేల్ టేవ్ అనే నెదర్లాండ్స్ ఆయన 2014లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరుతో ఇలాంటిదొకటి ఇంట్లో చేసుకుని, చేసే పద్ధతి లోకానికి ఉచితంగా చెప్పేశాడు. సొంతంగారికి ఆయనంటే గౌరవమే. ఒక్కటే పేచీ. "ఆయనది చెక్క ఫ్రేమండీ, మందం. మనదానికి ఫ్రేమే ఉండదు. గోడకి గాజు అతికినట్టుండాలి." పైగా ఇది మనవాళ్లు 1957లోనే 'మాయాబజార్'లో చూపించారంటారు: ప్రియదర్శిని పెట్టె. ఎవరికేది ప్రాణమో అదే కనబడుతుంది అందులో. సొంతంగారు తెరిస్తే స్క్రూడ్రైవరు కనబడుతుందని ఇంటావిడ అభిప్రాయం.

తెర కోసం బావమరిది పాత ల్యాప్‌టాప్ బలైంది.

"అది పనిచేస్తోంది కదా బావా!"

"అందుకే విప్పాను. పనిచేయనిది నాకెందుకూ?"

ప్యానెల్ వెనక నంబరు చూసి దానికి సరిపడే బోర్డు ఆన్‌లైన్లో తెప్పించారు. అసలు గాజు ధర విన్నాక మాత్రం మనసు మారింది. మామూలు గాజుకి కిటికీలకేసే మెరుపు ఫిలిం అంటించారు. లోపల గాలిబుడగలు నిలిచాయి. అందులో చూసుకున్నవాళ్లకల్లా అమ్మవారు పోసినట్టుండేది. తర్వాత 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ తెచ్చారు. అది కాస్త వంగింది. అందులో ఆయన బొజ్జ కనబడలేదు. చాన్నాళ్లు దాన్నే ఉంచారు.

అసలు భాగోతం మందం దగ్గర. ప్యానెల్ సన్నమే గాని, యూఎస్‌బీ గూళ్ల పుణ్యమా అని కంప్యూటరు బోర్డు 17 మిల్లీమీటర్లుంది. 5 మిల్లీమీటర్ల 'జీరో' రకం కొంటే సరిపోయేది. కొనడమేటండీ! ఆ గూళ్లని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి పీకారు. బోర్డు సన్నబడింది, ఆ క్షణం నుంచే మూగబోయింది. రెండో బోర్డు తెచ్చాక దాని గూళ్ల జోలికి పోలేదు. గోడ తవ్వారు.

నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఆదివారం మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ. ఉలి కొంచెం గట్టిగా దిగి వంటింట్లో తేలింది. ఆ కన్నానికి అవతలివైపు ప్లైవుడ్ పెట్టె బిగించారు. కంప్యూటరూ, అడాప్టరూ, వైర్లూ అందులోకి సర్దుకున్నాయి. హాల్లోంచి చూస్తే అద్దం గోడకి అతికినట్టే ఉంది, వచ్చినవాళ్లు ముక్కుమీద వేలేసుకుంటున్నారు. వాళ్లని వంటింటివైపు వెళ్లనివ్వరు.

ఇక వాడకం. ఊళ్లో ఎండ మండిపోతుంటే అద్దంలో వాన. ఆరా తీస్తే అది రంపచోడవరం వాన. సరిచేశాక ఊరు కుదిరింది గాని పక్కన విశాఖపట్నం జిల్లా అనే వస్తోంది. 2022 ఏప్రిల్లోనే మనం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన కబురు అద్దానికింకా అందలేదు. ముఖం బాగా కనబడాలంటే గదిలో లైటుండాలి, అక్షరాలు బాగా కనబడాలంటే లైటార్పాలి. ఆవిడ కుచ్చిళ్లు సర్దుకుంటుంటే ఈయనొచ్చి ట్యూబ్‌లైటు కట్టేస్తారు: "ఇప్పుడు చూడు, గాల్లో తేమెంతుందో!" పగలు కరెంటు పోతే మాత్రం ఇంటిల్లిపాదీ దువ్వెనలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. అప్పుడది ఒట్టి అద్దం.

గోవాడ నుంచి వచ్చిన మావగారు చెరకు రైతు, మొహమాటం లేని మనిషి. చాలాసేపు చూసి, "గడియారం బావుంది అల్లుడుగారూ. మరి అద్దమేదండీ?" అన్నారు.

వంటింట్లో ఆ ప్లైవుడ్ పెట్టె మీద ఇంటావిడ పోపుల డబ్బా పెట్టుకున్నారు.

"అక్కడెందుకే? దానికి గాలాడాలి."

"ఎప్పుడూ వెచ్చగా ఉంటోందండీ. ఇంగువ చెమ్మెక్కడం లేదు. ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే వస్తువు చేశారు. ఉప్పుకి కూడా ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టండి."

సొంతంగారు జేబులోంచి టేపు తీసి, పొయ్యి పక్క గోడ కొలవడం మొదలెట్టారు.